కరుగు లవణము, కరుగని లవణము: సల్ఫా మందుల చరిత్ర

ఉప్పు అనగానే మనకు వంటింటి ఉప్పే జ్ఞప్తికి వచ్చును. రసాయన శాస్త్రములో మాత్రము అది వేలకొలది లవణములలో ఒకటి. ఆమ్లములోని ఉదజనికి బదులుగా ఒక లోహము చేరినచో ఏర్పడు పదార్థమును లవణమందుము. వంట ఉప్పు నీటిలో వేసి కలిపిన వెంటనే కరగిపోవును. అందలి సోడియమునకు బదులు వెండి చేరినచో సిల్వర్ క్లోరైడు అను లవణమగును. దీనిని ఎంత కలిపినను నీటిలో కరుగుట కానరాదు. ఉన్నత పాఠశాలలో క్లోరైడు పరీక్ష చేసిన ప్రతి విద్యార్థియు సిల్వర్ నైట్రేటు బొట్లు పడగానే పరీక్షనాళికలో పెరుగు వలె విరిగి దిగు తెల్లని అవక్షేపమును చూచియే యుండును.

ఒక లోహము పోయి మరియొక లోహము వచ్చినంత మాత్రమున కరుగు వస్తువు కరుగనిదగుచున్నది. పరీక్షనాళికలో ఇది చిన్న సంగతి. వైద్యములో ఇదియే ప్రాణములను నిలుపు సంగతియు, ప్రాణములను తీయు సంగతియు కూడ అయినది. సల్ఫా మందుల చరిత్రను చదివినచో ఇది స్పష్టమగును.

ఉదాహరణకు సల్ఫాడయజీను అను మందును తీసికొందము. ఇది ఒక బలహీనమైన ఆమ్లము. సాధారణ ఉష్ణోగ్రత వద్ద 100 మిల్లీలీటర్ల నీటిలో సుమారు 8 మిల్లీగ్రాములు మాత్రమే కరుగును. దీని సోడియము లవణము ఒక గ్రాము, రెండు మిల్లీలీటర్ల నీటిలోనే కరగిపోవును. అనగా ద్రావణీయత కొన్ని వేల రెట్లు పెరిగినదన్నమాట. ఇక దీని వెండి లవణమో, సిల్వర్ క్లోరైడు వలె అవక్షేపమై నిలుచును. మొదటిది మాత్రగా మ్రింగుటకు పనికివచ్చినది. రెండవది రక్తనాళములోనికి ఎక్కించుటకు పనికివచ్చినది. మూడవది కాలిన గాయములపై పూయు మందైనది. అణువు ఒకటియే. అది ఏ స్ఫటికములో ఇమిడియున్నది, ఆ స్ఫటికమును ఎంత వేగముగ విడిచి వచ్చును అనునవి దాని ప్రయోజనమును నిర్ణయించినవి.

ఎర్ర రంగునుండి తెల్లని పొడికి

సల్ఫా మందుల కథ రంగుల పరిశ్రమలో ప్రారంభమైనది. జర్మనీలో బేయరు పరిశోధనాలయమున క్లారెర్, మీట్ష్ అను రసాయన శాస్త్రజ్ఞులు క్రొత్త రంగులను తయారుచేయుచుండగా, గెర్హార్డ్ డోమాక్ అను వైద్యుడు వానిని సూక్ష్మజీవులు సోకిన చిట్టెలుకలపై పరీక్షించుచుండెను. 1932 చివరలో ఒక ఎర్రని రంగు ఇచ్చిన చిట్టెలుకలు స్ట్రెప్టోకాకస్ సోకినను బ్రతికినవి. ఇదియే ప్రాంటోసిల్. ఈ ఫలితమును డోమాక్ 1935 ఫిబ్రవరిలో ప్రకటించెను.

మొట్టమొదటి ఈ మందుకు సైతము లవణముతో సంబంధము తప్పలేదు. ఎర్రని ప్రాంటోసిల్ హైడ్రోక్లోరైడు లవణము. నీటిలో కరుగుట స్వల్పము. సూదిమందుగా ఇచ్చుటకు వీలుగా నీటిలో బాగుగ కరుగు మరియొక రంగును, సోడియము లవణ రూపమున, వెంటనే తయారుచేయవలసి వచ్చినది.

1935 లోనే పారిస్ నగరమున పాస్టర్ సంస్థలో త్రెఫుయెల్ దంపతులు, నిట్టి, బోవె అనువారు ఒక వింతను కనుగొనిరి. ప్రాంటోసిల్ శరీరములో రెండు ముక్కలగును. ఎర్ర రంగుతో పని లేదు. ఆ రెంటిలో రంగులేని ముక్కయే సూక్ష్మజీవులను అణచుచున్నది. ఆ ముక్క పేరు సల్ఫనిలమైడు. దానిని 1908 లోనే వియన్నాలో పాల్ గెల్మో అను విద్యార్థి తన పరిశోధనలో భాగముగ తయారుచేసియుండెను. ఇరువదియేడు సంవత్సరములు ఆ తెల్లని పొడి సీసాలలో నిలిచియుండగా, దానిచే నయము కాదగిన జ్వరములతో లక్షలమంది మరణించిరి.

1936 లో లండనులోని క్వీన్ షార్లెట్ ఆసుపత్రిలో లెనార్డ్ కోల్‌బ్రుక్ బాలింత జ్వరముతో నున్న 38 మంది స్త్రీలకు ప్రాంటోసిల్ ఇచ్చెను. వారిలో ముగ్గురు మాత్రమే మరణించిరి. అంతకుముందు అదే ఆసుపత్రిలో అట్టి జ్వరము వచ్చినవారిలో నలుగురికొకరు చొప్పున పోవుట సామాన్యము. డోమాక్‌కు 1939 లో నోబెల్ బహుమతి ప్రకటింపబడెను. నాటి జర్మను ప్రభుత్వము దానిని నిరాకరింపజేయగా, పతకము మాత్రము యుద్ధానంతరము 1947 లో ఆయన చేతికి వచ్చినది.

కరుగమి తెచ్చిన విపత్తు

సల్ఫనిలమైడు స్ఫటికములో అణువులు ఒకదానినొకటి ఉదజని బంధములతో గట్టిగ పట్టుకొనియుండును. చల్లని నీరు వానిని సులభముగ విడదీయలేదు. మాత్రను మ్రింగలేని చిన్నపిల్లలకు పానకము వంటి మందు కావలెనని 1937 లో అమెరికాలో ఒక మందుల కంపెనీ తలచినది. నీటిలో తగినంత కరుగలేదు. సారాయములోను తృప్తికరముగ కరుగలేదు. డైఎథిలీన్ గ్లైకాల్ అను తియ్యని ద్రవములో మాత్రము చక్కగా కరగినది. దానికి పండ్ల వాసన చేర్చి, రుచి చూచి, రంగు చూచి, అంగళ్లకు పంపివేసిరి. ఆ ద్రవము విషమో కాదో ఏ జంతువుపైనను పరీక్షించలేదు.

డైఎథిలీన్ గ్లైకాల్ మూత్రపిండములను పాడుచేయును. కొన్ని వారములలోనే నూరుమందికి పైగా మరణించిరి; వారిలో పిల్లలు అనేకులు. గొంతునొప్పికని తల్లులు తమ చేతులతో పోసిన మందే వారి ప్రాణములను తీసినది. సల్ఫనిలమైడు దోషమేమియు ఇందు లేదు. కరుగని దానిని కరగించవలెనను తొందరలో, దేనిలో కరగించుచున్నామో విచారింపకపోవుటయే దోషము. ఈ దుర్ఘటన ఫలితముగ 1938 లో అమెరికా ప్రభుత్వము క్రొత్త చట్టమును చేసినది. మందును అమ్ముటకు ముందే అది హానికరము కాదని నిరూపించు భారము తయారుచేయువారిపై పడినది.

దురదృష్టవశమున అదే ద్రవము తరువాత దశాబ్దములలో కూడ అనేక దేశములలో పానకపు మందులలో కలిసి పిల్లలను బలిగొన్నది. కనుక ఇది పాతబడిన పాఠము కాదు.

సూక్ష్మజీవిని మోసగించు అణువు

సల్ఫా మందు సూక్ష్మజీవిని ఎట్లు అణచుచున్నదో 1940 లో డొనాల్డ్ వుడ్స్ లండనులో కనుగొనెను. ఈస్టు రసము కలిపినచో సల్ఫనిలమైడు పని చేయకుండుటను ఆయన గమనించెను. ఆ రసములో మందును అడ్డగించునది ఏదో కలదు. అది పారా అమినో బెంజోయిక్ ఆమ్లమని ఆయన ప్రయోగములు సూచించినవి. దీనినే సంక్షిప్తముగ పాబా అందురు. పాబా అణువును, సల్ఫనిలమైడు అణువును ప్రక్కప్రక్కన గీచి చూచినచో రెండును కవలపిల్లల వలె కనబడును. రెంటిలోను బెంజీను వలయము కలదు. ఒక కొసన అమినో వర్గము కలదు. రెండవ కొస మాత్రము వేరు: పాబాలో కర్బనముతో కూడిన ఆమ్ల వర్గము, సల్ఫాలో గంధకముతో కూడిన సల్ఫనమైడు వర్గము.

బాక్టీరియాకు పాబాతో ఏమి పని? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటలో ఒక తెలుగువాని పేరు ముడిపడియున్నది. భీమవరమున 1895 లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున నాయకత్వము వహించుచుండగా, అచ్చటి బృందము 1945 లో ఫోలిక్ ఆమ్లమును సంశ్లేషించినది. ఆ విటమిను నిర్మాణము తెలియగానే వుడ్స్ చూచిన దానికి అర్థము ఏర్పడినది. ఫోలిక్ ఆమ్లపు అణువు నడుమ పాబాయే కూర్చుండియున్నది. బాక్టీరియా చాలవరకు తమకు కావలసిన ఫోలిక్ ఆమ్లమును పాబానుండి తామే తయారుచేసికొనవలెను. ఆ పని చేయు ఎంజైములో పాబా కూర్చుండవలసిన పీటపై సల్ఫా మందు వచ్చి కూర్చుండును, పని నిలిచిపోవును. మానవుడు ఫోలిక్ ఆమ్లమును ఆకుకూరలు మొదలగు ఆహారమునుండి సిద్ధముగ పొందును కనుక ఆ ఎంజైము మనకు లేదు. శత్రువుకు మాత్రమే తగిలి మనకు తగులని దెబ్బ యిది.

ఒక్క ఉదజని మహిమ

సల్ఫనమైడు వర్గములో గంధకమునకు రెండు ఆమ్లజని పరమాణువులు అంటియుండును. అవి ఎలక్ట్రానులను తమ వైపునకు లాగుకొనుటచే, ప్రక్కనున్న నత్రజనిపై గల ఉదజని వదులగును. క్షారము ఎదురుపడినచో అది ఊడిపోవును. దాని స్థానమున లోహపు అయాను చేరును. సల్ఫా మందులు లవణములగుటకు ఈ ఒక్క ఉదజనియే కారణము.

ఆ ఉదజని ఎంత సులభముగ ఊడును అనుదానిని పి.కె. అను సంఖ్యతో కొలుతురు. ఏ పి.హెచ్. వద్ద అణువులలో సగము ఉదజనిని కోల్పోవునో అది ఆ ఆమ్లపు పి.కె. సల్ఫనిలమైడునకు ఇది 10.4. కనుక పి.హెచ్. 7.4 గల రక్తములో దాని వేయి అణువులలో ఒకటి మాత్రమే అయానుగ నుండును. నత్రజనికి మరియొక వలయమును అతికించినచో ఈ సంఖ్య తగ్గును. సల్ఫాపిరిడీనునకు 8.4, సల్ఫాథయజోలునకు 7.1, సల్ఫాడయజీనునకు 6.5. సల్ఫాడయజీను అణువులు రక్తములో నూటికి దాదాపు 90 వంతులు అయానులుగ నుండును.

క్రొత్త మందులు ఒకదానివెంట ఒకటి వచ్చినవి. 1938 లో వచ్చిన సల్ఫాపిరిడీను న్యుమోనియాపై మొదటిసారిగ విజయము సాధించినది. బర్మింగ్‌హామ్‌లో ఈ మందు తీసికొన్న 100 మంది న్యుమోనియా రోగులలో మరణించినవారు 8 మంది. మందు తీసికొననివారిలో నూటికి 27 మంది. 1943 డిసెంబరులో ఉత్తర ఆఫ్రికాలో న్యుమోనియాతో పడిన బ్రిటిషు ప్రధాని చర్చిల్‌కు ఇచ్చినదియు సల్ఫా మందే. 1940 లో అమెరికన్ సయనమిడ్ కంపెనీలో రాబ్లిన్, ఆయన సహచరులు సల్ఫాడయజీనును తయారుచేసిరి. సుబ్బారావుగారు పనిచేసిన లెడర్లీ కూడ ఈ కంపెనీలోని ఒక శాఖయే.

1942 లో బెల్, రాబ్లిన్ అనువారు అనేక సల్ఫా మందులను వరుసగ పరీక్షించి, పి.కె. విలువకును, సూక్ష్మజీవులను అణచు శక్తికిని గల సంబంధమును గీతగా గీచిరి. ఆ గీత కొండ వలె పైకి లేచి, మరల దిగినది. పి.కె. 6, 7 ల నడుమ శిఖరము. మరీ బలహీనమైన ఆమ్లమైనచో అయానులు తక్కువ. పాబాను అనుకరించుట చాలదు. మరీ బలమైన ఆమ్లమైనచో ఉన్నదంతయు అయానులే. అవి బాక్టీరియా కణపు పొరను దాటి లోనికి పోవుట కష్టము. లోనికి పోవుటకు అయాను కాని రూపము కావలెను, లోన పని చేయుటకు అయాను రూపము కావలెను. రెంటికిని తగిన మధ్యస్థానమున సల్ఫాడయజీను నిలిచినది.

సోడియము లవణములకు కూడ ఈ సంఖ్యయే విధి. బలహీనమైన ఆమ్లపు సోడియము లవణము నీటిలో క్షారగుణమును చూపును. సల్ఫాడయజీను సోడియము ద్రావణపు పి.హెచ్. 9కి పైబడియుండును. కండరములోనో, చర్మము క్రిందనో పొడిచినచో మాంసము దెబ్బతినును. రక్తనాళములోనికి మెల్లగా ఎక్కించవలసినదే. ఆ ద్రావణమును తెరచి యుంచినచో గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని, మరల కరుగని సల్ఫాడయజీనుగ మారి అడుగున పేరుకొనును.

ఈ చిక్కునుండి బయటపడినది సల్ఫాసిటమైడు. దాని పి.కె. 5.4 మాత్రమే. అందుచే దాని సోడియము లవణమును 30 శాతము వరకు నీటిలో కరగించినను ద్రావణము కన్నీటి వలె దాదాపు తటస్థముగనే యుండును. ఆ కారణమున అది కంటి చుక్కల మందైనది. శక్తిలో తన సోదరులకంటె తక్కువదైనను, కంటిలో వేయదగిన లవణముగ మారగలుగుట దాని అదృష్టము.

మూత్రపిండములో పెరిగిన స్ఫటికములు

స్ఫటికముల వలన కలిగిన కష్టము ఇంకొకటి కలదు. మ్రింగిన సల్ఫా మందు మూత్రపిండముల ద్వారా బయటకు పోవలెను. కాలేయములో కొంతభాగము అసిటైలు వర్గమును తగిలించుకొని ఇంకను కరుగని పదార్థముగ మారుచుండును. మూత్రము సాధారణముగ కొంచెము ఆమ్లము. అందు నీరు కూడ తక్కువ. అందుచే సల్ఫాపిరిడీను, సల్ఫాథయజోలు, సల్ఫాడయజీనులు మూత్రనాళములలోనే స్ఫటికములై నిలిచి, రక్తము పడుటకును, కొన్ని సమయములలో మూత్రము బంధించుటకును కారణమైనవి. సూక్ష్మదర్శినిలో అవి గడ్డిమోపుల వలె, సూదుల కట్టల వలె కనబడును. జబ్బు నయమగుచుండగా మందు మూత్రపిండమును మూసివేయుట వైద్యులను కలవరపెట్టినది.

నివారణోపాయము రసాయన పాఠములోనే యున్నది. రోగి చేత నీరు బాగుగ త్రాగించవలెను. వంటసోడా ఇచ్చి మూత్రమును క్షారముగ మార్చవలెను. మూత్రపు పి.హెచ్. 5.5 నుండి 7.5 కు పెరిగినచో, లెక్క ప్రకారము సల్ఫాడయజీను ద్రావణీయత పది రెట్లగును. ఏలయన, పెరిగిన భాగమంతయు కరుగు అయాను రూపములో నుండును. శరీరములోనే ఆమ్లమును లవణముగ మార్చుట యిది.

రెండవ ఉపాయమును 1945 ప్రాంతమున డేవిడ్ లెహర్ సూచించెను. ఒక సల్ఫా మందుతో సంతృప్తమైన నీటిలో రెండవ సల్ఫా మందు తన వంతు తాను కరుగును, మొదటిది అడ్డురాదు. కనుక ఒకే మందును మూడు గ్రాములిచ్చుటకంటె, మూడు మందులను ఒక్కొక్క గ్రాము చొప్పున ఇచ్చినచో స్ఫటికములు ఏర్పడు భయము తగ్గును. సూక్ష్మజీవులను అణచుటలో మాత్రము మూడును ఒకే పని చేయును కనుక వాని శక్తులు కలిసివచ్చును. చిరకాలము వాడుకలో నుండిన మూడు సల్ఫాల మాత్ర ఈ సూత్రముపై పుట్టినదే.

కాలిన గాయము – వెండి లవణము

పెన్సిలిను, తరువాతి మందులు వచ్చి 1950 నాటికి సల్ఫాల ప్రాధాన్యమును తగ్గించినవి. సూక్ష్మజీవులు కూడ సల్ఫాలకు అలవాటుపడి వానిని ఎదిరింపసాగినవి. అట్టి సమయమున సల్ఫాకు మరల పిలుపు వచ్చినది ఒక దారుణమైన చోటునుండి.

ఒంటిపై పెద్దభాగము కాలినవారు మొదటి దినములు గడచి బ్రతికినను, తరువాత గాయములో చేరిన సూక్ష్మజీవుల వలన మరణించుచుండిరి. ముఖ్యముగ సూడోమోనాస్ అను బాక్టీరియా గాయమును ఆకుపచ్చని చీముతో నింపి రక్తములో ప్రవేశించును. కాలిన చర్మమునకు రక్తప్రసారము ఉండదు కనుక, మ్రింగిన మందు గాని, సూదిమందు గాని ఆ చోటికి చేరదు. మందు పైననే యుండి, గంటల తరబడి కొంచెము కొంచెముగ పని చేయవలెను. ఇంతకాలము కరుగు లవణము కొరకు వెదకిన వైద్యులకు ఇప్పుడు కరుగని లవణము కావలసివచ్చినది.

1960 తరువాత అమెరికా సైనిక వైద్యులు మాఫెనైడు అను సల్ఫా జాతి మందును పూతగ వాడిరి. అది గాయములోనికి బాగుగ చొచ్చుకొనిపోయినది. కాని పూయగానే మంట; పైగా దాని హైడ్రోక్లోరైడు లవణము రక్తములో ఆమ్లగుణమును పెంచినది. ఆ కష్టమును తగ్గించుటకు హైడ్రోక్లోరైడునకు బదులు అసిటేటు లవణమును తెచ్చిరి. 1965 లో సెయింట్ లూయీ నగరమున మోయర్, ఆయన సహచరులు సిల్వర్ నైట్రేటును 0.5 శాతము ద్రావణముగ చేసి, దానితో తడిపిన గుడ్డలను గాయములపై నుంచిరి. వెండి సూక్ష్మజీవులను బాగుగనే అణచినది. కాని సిల్వర్ నైట్రేటు పూర్తిగ కరుగు లవణము. దాని వెండి అంతయు ఒక్కసారిగ విడివడి, గాయమునుండి ఊరు ద్రవములోని క్లోరైడుతో కలిసి, మన పరీక్షనాళికలోని అవక్షేపమే అగును. రోగి శరీరమునుండి క్లోరైడు, సోడియము తరలిపోవును. పక్కబట్టలు, గోడలు, వైద్యుల చేతులు నల్లబడును.

న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన చార్లెస్ ఫాక్స్ ఈ రెండు మార్గములను ఒకటిగ చేసెను. సల్ఫాడయజీను సోడియము ద్రావణములో సిల్వర్ నైట్రేటు ద్రావణమును పోసెను. సోడియము, నైట్రేటు ద్రావణములో నిలిచినవి. వెండి, సల్ఫాడయజీను కలిసి తెల్లని పొడిగ అడుగునకు దిగినవి. ఉన్నత పాఠశాలలోని క్లోరైడు పరీక్షకును దీనికిని పద్ధతిలో భేదమే లేదు. ఆ పొడిని ఒక శాతము చొప్పున వెన్న వంటి లేపనములో కలిపి గాయములపై పూసిరి. 1968 లో ఫాక్స్ ఈ ఫలితములను ప్రకటించెను. పూసినప్పుడు మంట లేదు, క్లోరైడు ఒక్కసారిగ తరలిపోలేదు, సూడోమోనాస్ అణగినది. 1973 లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించిన పిమ్మట ఇది ప్రపంచమంతట కాలిన గాయములకు వాడు మందైనది.

స్ఫటికము లోపలి సంగతి

ఈ లవణము ఎందుకింత మెల్లగ కరుగుచున్నది? పొడిని చూచి చెప్పుట అసాధ్యము. ఎక్స్‌కిరణములను స్ఫటికముపై ప్రసరింపజేసి, అవి చెదరి ఏర్పరచు చుక్కలనుబట్టి పరమాణువుల స్థానములను లెక్కగట్టవచ్చును. ఈ విద్యను బ్రాగ్ తండ్రీకొడుకులు 1913 లో వంట ఉప్పు వంటి సాధారణ స్ఫటికములతో ప్రారంభించిరి. 1965 నాటికి సల్ఫనిలమైడు స్ఫటికముల నిర్మాణములు వెల్లడియైనవి. ఒకే సల్ఫనిలమైడు మూడు విధములుగ పేర్చబడి మూడు రకముల స్ఫటికములనిచ్చునని తేలినది. సల్ఫాథయజోలు స్ఫటికములలో కనీసము ఐదు రకములు కలవు. ఒకే ఇటుకలతో వేరువేరు గోడలు కట్టినట్లు, అణువు మారకపోయినను పేర్పు మారుచున్నది. పేర్పు మారినచో కరుగు వేగము, ద్రవీభవన స్థానము కూడ మారవచ్చును. మందుల తయారీలో ఏ రకపు స్ఫటికము వచ్చినదో పరీక్షించుట ఇందువలననే అవసరమైనది.

వెండి సల్ఫాడయజీను నిర్మాణమును 1975, 1976 సంవత్సరములలో రెండు బృందములు వేరువేరుగ ప్రకటించినవి. సోడియము లవణములో సోడియమును పట్టియుంచునది ముఖ్యముగ విద్యుదావేశముల ఆకర్షణ. నీటి అణువులు చుట్టుముట్టి దానిని సులభముగ లాగుకొనిపోవును. వెండి లవణములో సంగతి వేరు. ప్రతి వెండి పరమాణువును ఒకటికంటె ఎక్కువ సల్ఫాడయజీను అణువులు తమ నత్రజని పరమాణువులతోను, ఆమ్లజనితోను పట్టుకొనియుండును. అట్లే ప్రతి సల్ఫాడయజీను అణువు ఒకటికంటె ఎక్కువ వెండి పరమాణువులకు చేయి చాచును. రెండేసి వెండి పరమాణువులు ఒకదానికొకటి మిక్కిలి చేరువగ నుండును. ఇట్లు చేతులు కలుపుకొనుచు పోగా విడివిడి అణువులే లేని అంతులేని గొలుసు ఏర్పడును. కోలాటములో ఒకరి కోల మరొకరికి తగిలి వరుస సాగునట్లు ఈ గొలుసు సాగిపోవును. నీరు దీనిని విడదీయవలెనన్న అనేక బంధములను త్రెంచవలెను. గాయములోని క్లోరైడు, మాంసకృత్తులు ఒక్కొక్క వెండి అయానును ఊడదీసికొనుచుండగా, గొలుసు కొసలనుండి మెల్లమెల్లగ కరుగును. కరుగమి ఇక్కడ లోపము కాదు. మందును పొదుపుగ పంచు గిడ్డంగి.

చంపునది ఏది?

సల్ఫాడయజీనా, వెండియా? దీనికి ఫాక్స్, మోదక్ మొదలగువారు 1970 తరువాత సమాధానము వెదకిరి. పాబా కలిపినచో సల్ఫా మందుల శక్తి నశించవలెను గదా! వెండి సల్ఫాడయజీను విషయమున అట్లు జరుగలేదు. సల్ఫాలను ఎదిరింప నేర్చిన బాక్టీరియా కూడ దీనికి లొంగినవి. వెండి బాక్టీరియా కణములకు అంటుకొనుచున్నదనియు, సల్ఫాడయజీను చాలవరకు ద్రవములోనే మిగులుచున్నదనియు కొలతలు చూపినవి. కనుక ప్రధానముగ చంపునది వెండియే. సల్ఫాడయజీను చేసిన గొప్ప పని వెండిని స్ఫటికములో బంధించి, తగిన వేగముతో విడుచుట. మందుగ పుట్టిన అణువు మరియొక మందుకు మోపరి అయినది.

సల్ఫా అణువు తన అసలు శత్రువును పట్టుకొను దృశ్యము కూడ స్ఫటికముల ద్వారానే కనబడినది. ఫోలిక్ ఆమ్లపు తయారీలో పాబాను కలుపు ఆ ఎంజైమునే స్ఫటికముగ చేసి, దాని నిర్మాణమును 1997 లో ప్రకటించిరి. 2012 లో మరియొక బృందము ఆ ఎంజైము పని చేయుచుండగా దాని దశలను స్ఫటికములలో పట్టి చూపినది. పాబా కూర్చుండు గుంటలో సల్ఫా మందు అచ్చముగ ఇమిడినది. కాని సల్ఫా అణువు తోక ఆ గుంటకు వెలుపలికి కొంచెము పొడుచుకొనియుండును. మందును ఎదిరించు బాక్టీరియా సరిగ్గ ఆ తోక తగులు చోటనే ఎంజైమును మార్చుకొనుచున్నవి. పాబాకు చోటు చెడకుండ మందును మాత్రము గెంటివేయుచున్నవి. 1940 లో వుడ్స్ ఊహించిన పోటీ ఇప్పుడు పరమాణువుల స్థాయిలో కంటికి కనబడినది.

వెండి సల్ఫాడయజీనే అంతిమమైన మందు కాదు. కాలిన గాయములకు నేడు వెండిని కలిపి నేసిన పట్టీలు, ఇతరమైన క్రొత్త కట్లు వచ్చినవి. వానితో పోల్చినచో లేపనము వాడిన గాయము ఆలస్యముగ మానుచున్నదని అనేక పరిశీలనల సమీక్షలు చెప్పుచున్నవి. సల్ఫాలు పడనివారికిని, అప్పుడే పుట్టిన శిశువులకును దీనిని వాడరాదు. అయినను కొన్ని దశాబ్దములపాటు, చవుకగ దొరకు ఈ తెల్లని లేపనము ఎందరో కాలిన బిడ్డల గాయములను చీము పట్టకుండ కాపాడినది.

రసాయన శాస్త్రమును బోధించునపుడు ద్రావణీయతల పట్టికను కంఠస్థము చేయించుట మన పాఠశాలలలో వాడుక. సోడియము లవణములన్నియు కరుగును. సిల్వర్ క్లోరైడు కరుగదు. ఇట్లు విద్యార్థి వల్లించుచుండును. ఆ పట్టికలోని ఒక్కొక్క పంక్తి వెనుక మనుష్యులు కలరు. కరుగని పొడిని కరగించబోయి పోగొట్టుకొన్న పిల్లలు కలరు. మూత్రములో సూదుల కట్టలను చూచి వంటసోడా ఇచ్చిన వైద్యులు కలరు. కరుగకుండుటయే గుణమని గ్రహించి అవక్షేపమును గాయముపై పూసినవాడు కలడు. పరీక్షనాళికలో సిల్వర్ నైట్రేటు బొట్టు పడి తెల్లదనము దిగునపుడు ఉపాధ్యాయుడు ఈ మాట కూడ చెప్పినచో, ఆ అవక్షేపము విద్యార్థి మనస్సులో చిరకాలము నిలుచును.